మూడో గుర్తు మీద వేలు

2024 జూన్ 4న కడప లోక్‌సభ లెక్క తేలేసరికి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి అవినాష్ రెడ్డికి 6,05,143 ఓట్లు, తెలుగుదేశం అభ్యర్థి భూపేష్ సుబ్బరామిరెడ్డికి 5,42,448, కాంగ్రెస్ నుంచి నిలబడ్డ షర్మిలకు 1,41,039. మొదటి ఇద్దరి మధ్య తేడా 62,695. మూడో మనిషికి పడ్డవి ఆ తేడాకు రెండింతల పైమాటే. ఈ అంకెల్ని ముందర పెట్టుకుని వాదించుకోని టీ అంగడి జిల్లాలో ఉండదు. షర్మిల ఓట్లు చీల్చకుంటే అవినాష్ ఓడిపోయేవాడని ఒకరంటారు. ఆమె చీల్చింది అవినాష్ ఓట్లనే కదా, లేకుంటే ఇంకా పెద్ద మెజారిటీతో గెలిచేవాడని ఇంకొకరు.

రెండో మాటకు బలం ఎక్కువని నా అభిప్రాయం. 2019లో అవినాష్‌కు 7.83 లక్షలు వచ్చాయి, తెలుగుదేశం తరఫున నిలబడ్డ ఆదినారాయణరెడ్డికి 4.02 లక్షలు. ఐదేళ్లలో మొదటి వైపు దాదాపు 1.78 లక్షలు తరిగాయి, రెండో వైపు 1.40 లక్షల దాకా పెరిగాయి. అప్పుడు 3.80 లక్షలున్న తేడా 62 వేలకు పడిపోయింది. షర్మిలకు వేసినవాళ్లంతా ఆమె లేకపోతే నేరుగా సైకిల్ గుర్తుకు నడిచేవారని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. వాళ్లలో షర్మిల తండ్రి రాజశేఖరరెడ్డి మీద అభిమానం చంపుకోలేనివాళ్లున్నారు. 2019 మార్చి 15న పులివెందుల ఇంట్లో ఆయన తమ్ముడు వివేకానందరెడ్డి హత్య జరిగాక, ఆ కేసులో సీబీఐ నిందితుడిగా చూపిన అవినాష్‌కు (ఆయన ఆ ఆరోపణను మొదటినుంచీ కాదంటున్నారు) ఓటు వేయడానికి మనసొప్పనివాళ్లున్నారు. వాళ్లకు చంద్రబాబుకు వేయడానికీ చేయి రాదు. అలాంటివాళ్లకు మూడో గుర్తు కనబడింది. దాన్ని ఓటు చీలడమని పిలవడంలో ఒక దబాయింపు ఉంది. ఆ ఓటు ముందే ఒక పార్టీ సొత్తయినట్టు, దాన్ని ఎవరో ఎత్తుకుపోయినట్టు.

షర్మిలకు డిపాజిట్ దక్కలేదన్నదీ నిజమే. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రావాలి, ఆమెకు పదో వంతు దాటి కాస్త వచ్చాయి. లక్షా నలభై వేలమంది చేతిలో పెట్టినా డిపాజిట్ గల్లంతయ్యే పద్ధతి మనది. ప్రశ్న అక్కడే మొదలవుతుంది: మనసుకు నచ్చినవాళ్లకు వేయాలా, గెలిచేవాళ్లలో తక్కువ చెడ్డవాళ్లకు వేయాలా?

దీన్ని చర్చించే పుస్తకాలన్నీ ఒక ఫ్రెంచి పండితుడి దగ్గర మొదలవుతాయి. 1950ల తొలినాళ్లలో మారిస్ దువెర్జే ఒక సూత్రం చెప్పాడు: ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే పద్ధతిలో కాలక్రమాన రెండు పార్టీలే నిలుస్తాయి, ఎందుకంటే మూడోవాడికి వేస్తే ఓటు మురిగిపోతుందని జనం భయపడతారు. దీనికి అందరూ చూపే ఉదాహరణ అమెరికాలో ఫ్లోరిడా. 2000లో అక్కడ బుష్ 537 ఓట్లతో బయటపడ్డాడు. మూడో అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు ఆ రాష్ట్రంలో 97 వేలకు పైగా పడ్డాయి. పర్యావరణం కోసం నేడర్‌కు వేసి, చమురు కంపెనీల మనిషిని గద్దెనెక్కించారని నేటికీ తిట్టేవాళ్లున్నారు. బ్రిటన్‌లో 2024లో లేబర్ పార్టీ మూడో వంతు ఓట్లతో 411 సీట్లు కొట్టుకుపోతే, 14 శాతం దాటిన రిఫార్మ్ పార్టీకి దక్కినవి ఐదు.

మన దగ్గర లెక్క ఇంకా వింతగా ఉంటుంది. 2009లో ప్రజారాజ్యానికి ఉమ్మడి రాష్ట్రంలో 16 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి, 294లో 18 సీట్లొచ్చాయి. 2019లో జనసేనకు ఐదు శాతం పైన ఓట్లొస్తే ఒకే ఒక్క సీటు, రాజోలు. అధ్యక్షుడే రెండుచోట్ల ఓడిపోయారు. అదే పార్టీ 2024లో పొత్తులో 21 చోట్ల పోటీచేసి 21 గెలిచింది, ఓట్ల శాతం పెద్దగా పెరగకుండానే. బీజేపీకి 2019లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఓట్లలో ఒక శాతం కూడా రాలేదు. కాంగ్రెస్‌కు ఒక శాతం దాటి కొంచెం. ఆ ఏడు ఈ రెండు జాతీయ పార్టీలకన్నా నోటాకే ఎక్కువ పడ్డాయి. ఐదేళ్ల తర్వాత బీజేపీకి ఎనిమిదిమంది ఎమ్మెల్యేలు. జనం మనసు అంతగా మారిందని కాదు, సీట్లు పంచుకునేచోట మంచి చోటు దొరికింది.

ఈ అంకెలు చూసినవాడు సూత్రాన్ని వదిలేసి పొత్తులవెంట పోవాలనే అంటాడు. కానీ కడప జిల్లా చరిత్ర దువెర్జే మాట పూర్తిగా వినలేదు. 1952లో మొదటి ఎన్నికల్లోనే ఇక్కడి లోక్‌సభ సీటు కమ్యూనిస్టు యెద్దుల ఈశ్వరరెడ్డికి వచ్చింది. ఒకసారి తప్పినా మళ్లీ 1962, 67, 71ల్లో ఆయనే గెలిచారు. దేశమంతా కాంగ్రెస్ ఏకఛత్రంగా ఏలుతున్న రోజుల్లో, అదీ 1971లో ఇందిరాగాంధీ గాలి వీస్తున్నపుడు. 1978లో రాజశేఖరరెడ్డి మొదటిసారి పులివెందులలో గెలిచింది ఇందిరా కాంగ్రెస్ గుర్తు మీద కాదు, రెడ్డి కాంగ్రెస్ గుర్తు మీద. గెలిచాకే ఇందిర వైపు వెళ్లారు. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం పది నెలలు తిరక్కుండా రాష్ట్రాన్ని గెలిచింది. ఆ గాలిలోనే ప్రొద్దుటూరులో డాక్టర్ ఎం.వి.రమణారెడ్డి గెలిచి, తర్వాత ఆ పార్టీతో పొసగక రాయలసీమ విమోచన సమితి అని సొంత దారి పట్టారు. ఇక 2011 ఉపఎన్నిక. అప్పటికి వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి రెండు నెలల వయసు. కడప లోక్‌సభకు నిలబడ్డ ఆ పార్టీ అధినేత జగన్ మెజారిటీ 5,45,672. కాంగ్రెస్ నుంచి రాష్ట్ర మంత్రి డి.ఎల్. రవీంద్రారెడ్డి, తెలుగుదేశం నుంచి మైసూరారెడ్డి, రెండు పెద్ద పార్టీలకూ డిపాజిట్లు పోయాయి.

మూడో పార్టీకి వేస్తే మురిగిపోతుందని చెప్పడానికి ఈ జిల్లా అంత మంచి ఉదాహరణ కాదు మరి. అయితే ఈ గెలుపులన్నిటినీ ఒక గాటన కట్టేయలేం. ఈశ్వరరెడ్డి వెనక ఊరూరా సంఘం ఉంది, రైతు కూలీ ఉద్యమాల్లో నలిగిన కార్యకర్త ఉన్నాడు. జగన్ వెనక చనిపోయిన తండ్రి రాజశేఖరరెడ్డి మీద జనానికున్న ప్రేమ ఉంది, ఆస్తి ఉంది, మూడు దశాబ్దాల బలగం ఉంది. పార్టీ కొత్తదే కానీ ఇల్లు పాతది. 1978 నుంచి నేటిదాకా పులివెందుల అసెంబ్లీ సీటు ఆ గడప దాటలేదు. గుర్తులు మారాయి. అంచేత కొత్త పార్టీ గెలిచిందంటే కొత్త రాజకీయం గెలిచిందని అనుకోవడానికి లేదు.

పెద్ద పార్టీకి వేయడమే తెలివైన పని అనేవాళ్లు ముందు జమ్మలమడుగు చూసి రావాలి. ఆదినారాయణరెడ్డి 2004, 2009ల్లో కాంగ్రెస్ ఎమ్మెల్యే. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యే. తర్వాత తెలుగుదేశంలో చేరి మంత్రి. 2019లో ఆ పార్టీ ఎంపీ అభ్యర్థి. 2024లో బీజేపీ ఎమ్మెల్యే. ఆయనకు దశాబ్దాలపాటు ఎదురు నిలిచిన పొన్నపురెడ్డి కుటుంబం నుంచి రామసుబ్బారెడ్డి తెలుగుదేశం వదిలి వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు. ప్రొద్దుటూరులో వరదరాజులరెడ్డి దశాబ్దాలు కాంగ్రెస్ ఎమ్మెల్యేగా ఉండి, 2024లో తెలుగుదేశం గుర్తు మీద తిరిగి గెలిచారు. వీళ్లను తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు, ఎవరి కారణాలు వాళ్లకుంటాయి. పార్టీని చూసి వేశానని చెప్పే ఓటరు ఇక్కడ ఏం చూసి వేసినట్టు? ఏ సిద్ధాంతాన్ని గెలిపించినట్టు?

ఉక్కు ఫ్యాక్టరీ సంగతీ అంతే. 2007లో రాజశేఖరరెడ్డి హయాంలో బ్రాహ్మణి స్టీల్స్‌కు జమ్మలమడుగు దగ్గర శంకుస్థాపన. 2018 డిసెంబర్‌లో చంద్రబాబు కంబాలదిన్నె దగ్గర మరొకటి. 2019 డిసెంబర్‌లో జగన్ సున్నపురాళ్లపల్లెలో ఇంకొకటి. 2023 ఫిబ్రవరిలో మళ్లీ అక్కడే, ఈసారి పారిశ్రామికవేత్తను పక్కన నిలబెట్టుకుని. పెద్ద పార్టీలన్నీ ఈ విషయంలో పోటీ పడ్డాయి, రాళ్లు వేయడంలో.

ఇప్పుడు వేములకు వద్దాం. పులివెందుల నియోజకవర్గంలోని ఏడు మండలాల్లో ఒకటి. అరటి తోటలు, చీనీ చెట్లు, ముగ్గురాయి గనులు. వీటన్నిటికీ మించి తుమ్మలపల్లె యురేనియం. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ, 2007లో శంకుస్థాపన, 2012 నుంచి ఉత్పత్తి. ముడిఖనిజం శుద్ధి చేశాక మిగిలిన వ్యర్థాలన్నీ కొట్టాల దగ్గర టైలింగ్ పాండ్‌లోకి పోతాయి. కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె రైతులు ఏళ్లతరబడి ఒకే మాట చెబుతున్నారు: బోరు నీళ్లు మారాయి, అరటి గెల సరిగా దిగడం లేదు, ఒంటి మీద దద్దుర్లు. గని యాజమాన్యం తమవల్ల కాదంటూ వచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి 2018లో నోటీసులిచ్చింది. గని కేంద్ర ప్రభుత్వానిది. అది వచ్చాక రాష్ట్రంలో కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ ఏలాయి, ఢిల్లీలో కాంగ్రెస్, బీజేపీ. ఏ పెద్ద పార్టీ ప్రచారానికీ కొట్టాల నీళ్లు మొదటి మాట కాలేదు. గట్టిగా అడిగింది మానవ హక్కుల వేదికలాంటి సంఘాలు, కమ్యూనిస్టులు, కొందరు శాస్త్రవేత్తలు.

కొట్టాల రైతు ఒకడు నీళ్లే నా సిద్ధాంతం అనుకుంటే ఎవరికి వేయాలి? ఈ ప్రశ్న దగ్గర పుస్తకాల్లోని లెక్క తిరగబడుతుంది. 2024లో జగన్‌కు పులివెందులలో మెజారిటీ 61,687. 2019లో 90,110. ఇలాంటిచోట తెలుగుదేశానికి వేసిన ఓటూ ఓడేవాడికి వేసిన ఓటే. వైఎస్సార్ కాంగ్రెస్‌కు వేసిన అరవై వేల ఒకటో ఓటు కూడా గెలుపుకు అక్కర్లేని ఓటే. మురిగిపోవడమే కొలతైతే మూడూ మురిగినవే. ఫలితం తన ఓటుతో మారదని తెలిసినవాడికి మనసులో మాట చెప్పడానికి ఇంతకన్నా ఖర్చులేని చోటు ఉండదు. తేడా 17 వేలున్న జమ్మలమడుగులో, 22 వేలున్న ప్రొద్దుటూరులో రెండుసార్లు ఆలోచించాలి, అక్కడ అవతలివాడిని ఆపడం కూడా ఒక సూత్రమే. పులివెందులలో ఆ బరువు ఓటరు మీద లేదు.

కాగితం మీద ఇంత తేలికైనపుడు మూడో గుర్తుకు ఇక్కడ ఓట్లు ఎందుకు రాలవు? చదువుకున్నవాళ్లు జనానికి చైతన్యం లేదంటారు. నేను ఒప్పుకోను. జనానికి లెక్క బాగా తెలుసు, మనం చూడని లెక్క ఒకటి వాళ్లు చూస్తున్నారు. ఓట్ల లెక్కింపు బూత్‌వారీగా జరుగుతుంది. ఒక బూత్‌లో ఎనిమిది వందల ఓట్లుంటే ఏ గుర్తుకు ఎన్నో అంకె అంకె కాగితం మీదికి వస్తుంది. ఫలితం వచ్చిన రెండోనాడు ఊరి చావిడిలో ఆ కాగితం తెరుచుకుంటుంది. రెండు పెద్ద పార్టీల అంకెల మీద పెన్ను ఆగదు, అవి ముందే తెలిసినవి. కింది వరుసలో కంకి కొడవలికో, చేతికో, పేరు తెలియని గుర్తుకో నాలుగు ఓట్లున్నచోట ఆగుతుంది. “ఈ నాలుగూ యాడివిరా?” అంటాడు పెద్దాయన. చుట్టూ ఉన్నవాళ్లు సందులు లెక్కపెడతారు, ఇళ్లు లెక్కపెడతారు. మూడు నాలుగు పేర్లు చాలు, నిజమైనా కాకపోయినా. పెద్ద పార్టీకి వేసినవాడు నాలుగు వందల మంది వెనక దాక్కుంటాడు. మూడో గుర్తుకు వేసినవాడు నలుగురిలో ఒకడు. పింఛనుకు, పాసుబుక్కుకు, బోరు కరెంటుకు రేపు ఆ పెద్దాయన దగ్గరికే పోవాలి.

ఇది తీర్చలేని చిక్కేం కాదు. కాగితపు బ్యాలెట్ల కాలంలో అవసరమైనచోట చాలా బూత్‌ల ఓట్లను కలిపి లెక్కపెట్టే నిబంధన ఉండేది. మిషన్లు వచ్చాక అది పోయింది. కొన్ని మిషన్ల ఓట్లను కలిపి ఒకే అంకెగా చూపే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ ఒప్పుకుంది. కేంద్రం వద్దంది. అభివృద్ధి ఎక్కడ కావాలో తెలియడానికి బూత్‌వారీ అంకెలు అవసరమని ఒక వాదన. వేముల మండలంలో ఎవరినైనా అడిగితే ఆ అంకెలు ఏ అవసరానికి వాడతారో చెబుతారు.

అసలు పోటీయే లేకుండా చేసే దారి కూడా ఇక్కడివాళ్లకు తెలుసు. 2021లో పులివెందుల మున్సిపాలిటీలో 33 వార్డులుంటే 33 ఏకగ్రీవం. అదే పట్టణాన్ని ఆనుకుని ఉన్న జడ్పీటీసీ స్థానానికి 2025 ఆగస్టులో ఉపఎన్నిక వచ్చింది. పదకొండుమంది నిలబడ్డారు. తెలుగుదేశం అభ్యర్థికి 6,700 పైన, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థికి 700 లోపు, డిపాజిట్ కూడా పోయింది. రెండు కేంద్రాల్లో మళ్లీ పోలింగ్ పెట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత జనం స్వేచ్ఛగా ఓటేశారని గెలిచినవాళ్లు, జనాన్ని బూత్‌కే రానివ్వలేదని ఓడినవాళ్లు. 2021 గురించి ఈ మాటలే అటుదిటు అయి వినబడ్డాయి. అంతకు 14 నెలల ముందు 61 వేల మెజారిటీ ఇచ్చిన గడ్డ మీద ఇంత తలకిందులైందంటే దాన్ని సూత్రం మార్చుకున్న ఓటర్ల పని అని నేను నమ్మలేను. మిగిలిన తొమ్మిదిమంది సంగతి ఎవరూ అడగలేదు.

నోటా గురించి పొడుగ్గా చెప్పనక్కర్లేదు. 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. అందరికన్నా దానికే ఎక్కువ పడ్డా, తర్వాతి స్థానంలో ఉన్న మనిషే గెలుస్తాడు. ఏకగ్రీవమైతే ఆ మీట నొక్కే అవకాశమే రాదు. 2024లో సూరత్ లోక్‌సభ ఓటర్లకు జరిగిందదే. కోపం చూపడానికి నోటా పనికొస్తుంది కానీ, కొట్టాల నీళ్ల గురించి అది ఏమీ చెప్పదు.

ఇదే జిల్లా ఓటరు ఇంకో ఎన్నికలో మాత్రం హాయిగా సూత్రానికీ లౌక్యానికీ రెంటికీ ఓటేస్తాడు. పట్టభద్రుల ఎమ్మెల్సీ. అక్కడ మిషన్ ఉండదు, పెద్ద కాగితం, ఊదారంగు స్కెచ్ పెన్ను. నచ్చిన పేరు ముందర 1, తర్వాత నచ్చినదాని ముందర 2. ఈ పద్ధతిలోనే పశ్చిమ రాయలసీమ నుంచి పీడీఎఫ్ అనే వేదిక తరఫున 2011లో డాక్టర్ గేయానంద్ పట్టభద్రుల స్థానంలో, 2017లో కత్తి నరసింహారెడ్డి ఉపాధ్యాయ స్థానంలో గెలిచారు. 2023 మార్చిలో పట్టభద్రుల స్థానానికి జరిగిన పోటీ చూడాలి. మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి రవీంద్రారెడ్డి కొద్ది తేడాతో ముందున్నారు. సగం ఓట్లు ఎవరికీ రాలేదు. కింది అభ్యర్థులను ఒక్కొక్కరినే తప్పించి, వాళ్ల కాగితాల మీది 2 అంకెను లెక్కపెట్టుకుంటూ వచ్చారు. పీడీఎఫ్ అభ్యర్థికి మొదటి ఓటు వేసినవాళ్లలో చాలామంది రెండోది తెలుగుదేశానికి ఇచ్చారు. చివరికి తెలుగుదేశం అభ్యర్థి రాంగోపాల్ రెడ్డి 7,500 పైచిలుకు ఓట్లతో గెలిచారు. రెండో అంకె వేసినవాళ్ల ఓటు చీలలేదు, మురగలేదు. ఎవరు ఎవరిని ముందు కోరుకున్నారో, ఎవరిని ఆపాలనుకున్నారో రెండూ తెలిసిపోయాయి. డిగ్రీ ఉన్నవాడికి ఇచ్చిన ఈ సౌకర్యం అరటి రైతుకు ఎందుకివ్వలేమో ఇప్పటిదాకా ఎవరూ వివరంగా చెప్పలేదు. పోటీదారులు ఎక్కువైతే లెక్కింపు రోజులు పడుతుందన్నది నిజమే. ఆస్ట్రేలియా ఆ కష్టం వందేళ్లుగా పడుతోంది.

పద్ధతి మారేలోపు మూడో పార్టీలను కూడా నిలదీయాలి. ప్రజారాజ్యానికి వేసిన 16 శాతం ఓటు 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది, ఓటర్లను అడక్కుండా. లోక్‌సత్తాకు 2009లో కూకట్‌పల్లి ఒక్కటే దక్కింది, 2016లో ఎన్నికల రాజకీయాలకే దణ్ణం పెట్టింది. 2019లో విశాఖలో జనసేన తరఫున 2.88 లక్షల ఓట్లు తెచ్చుకున్న లక్ష్మీనారాయణ మరుసటి ఎన్నికకు సొంత పార్టీ పెట్టి అసెంబ్లీకి నిలబడి ఓడిపోయారు. సూత్రం కోసం ఓటేసినవాడిని తర్వాత ఐదేళ్లు ఎవరూ పలకరించకపోతే వాడు మళ్లీ పెద్ద గుర్తు వైపే నడుస్తాడు. మొదటి ఎన్నిక ఓడడానికి, రెండోది ఓడించడానికి, మూడోది గెలవడానికి అని కాన్షీరాం చెప్పేవారు. మన మూడో పార్టీలకు రెండో ఎన్నికదాకా ఓపిక ఉండటం లేదు. 1984లో దేశమంతటా రెండే సీట్లొచ్చిన బీజేపీకి అందులో ఒకటి మన హన్మకొండలోనిది, పి.వి.నరసింహారావు మీద చందుపట్ల జంగారెడ్డి గెలిచింది. ఆ పార్టీ అక్కడినుంచి ఎంతకాలం పనిచేస్తే ఇంతదాకా వచ్చిందో చూడాలి, వాళ్ల రాజకీయం నచ్చినా నచ్చకపోయినా.

నా మట్టుకు నేను పులివెందులలాంటి చోట మూడో గుర్తుకే వేయమంటాను, జమ్మలమడుగులో లెక్క చూసి వేయమంటాను. కానీ వేముల మండలంలో ఆ మాట చెప్పే ముందు మూడో పార్టీవాళ్లను ఒకటి అడుగుతాను: కొట్టాల బూత్‌లో పొద్దున ఐదున్నరకే మాక్ పోలింగ్ దగ్గర కూర్చుని, సాయంత్రం మిషన్‌కు సీలు పడేదాకా లేవకుండా, పోలైన ఓట్ల లెక్క రాసిన 17సీ కాగితం చేతికి తీసుకుని బయటికొచ్చే ఏజెంటు మీకున్నాడా? ఆ నాలుగు ఓట్లు యాడివని చావిడిలో అడిగిన నాడు, మావేనని నిలబడి చెప్పే మనిషి ఆ ఊళ్లో మీకున్నాడా? లేనపుడు ఓటరును సూత్రం కోసం తెగించమనడం, తాము ఒడ్డున నిలబడి ఇంకొకడిని ఏట్లోకి దించడమే.